పెళ్లి చేయించే అధికారం ఎవరికి ఉంది? పురోహితుడు, పాస్టర్, ఖాజీ, సబ్ రిజిస్ట్రార్ గురించి చట్టం ఏమంటోంది?

పెళ్లి కుదిరితే ఇంట్లో వేసుకునే లెక్కలు చాలా ఉంటాయి. ముహూర్తం, కల్యాణ మండపం, భోజనాలు, బట్టలు, ఫొటోలు, బస్సులు. పెళ్లి చేయించే ఆయన విషయానికి వచ్చేసరికి మాత్రం ‘ఎంత తీసుకుంటారు, ఎన్నింటికి వస్తారు’ అన్న రెండు ప్రశ్నలతో సరిపెడతాం. ‘ఈ పెళ్లి చేయించే అధికారం మీకుందా’ అని అడిగేవాళ్లు అరుదు.

కొందరికి ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం నిజంగానే లేదు. మరికొందరు అడగకపోతే పెళ్లే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మీరు ఏ చట్టం కింద పెళ్లి చేసుకుంటున్నారన్న దాన్నిబట్టి ఈ తేడా వస్తుంది. హిందూ వివాహ చట్టం చేయించిన మనిషిని కాదు, జరిగిన తంతును చూస్తుంది. ముస్లింల నికాహ్‌లో వధూవరుల అంగీకారం, సాక్షులు ముఖ్యం. క్రైస్తవ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం మాత్రం పెళ్లి ఎవరు చేయించారన్న దానికే మొదటి చోటు ఇస్తాయి.

ఇదంతా పెళ్లి రోజున ఎవరికీ గుర్తు రాదు. భర్త చనిపోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడో, విదేశంలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లడానికి వీసా అడిగినప్పుడో, ఆస్తి పంపకాల్లో ‘అసలు మీ పెళ్లే చెల్లదు’ అని ఎవరైనా అన్నప్పుడో బయటపడుతుంది. అప్పటికి సరిదిద్దుకునే సమయం ఉండకపోవచ్చు. అందుకే ముందే తెలుసుకోవాల్సిన సంగతులు ఇవీ.

హిందూ పెళ్లి: పురోహితుడికి లైసెన్స్ ఉండాలా?

అక్కర్లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పురోహితుడికి ఫలానా అర్హత ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఏ కులం వారై ఉండాలి, ఏ పాఠశాలలో చదివి ఉండాలి, ఆడా మగా అన్న షరతులు కూడా లేవు. ఆ చట్టంలోని 7వ సెక్షన్ చెప్పేది ఒక్కటే. వధువు వైపు గానీ వరుడి వైపు గానీ ఆచారంలో ఉన్న పద్ధతి ప్రకారం పెళ్లి జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు వేయడంతో పెళ్లి పూర్తయినట్టు.

అందుకే మన ఊళ్లలో వేర్వేరు సామాజిక వర్గాలకు వేర్వేరు పెద్దలు పెళ్లిళ్లు చేయిస్తున్నా చట్టానికి అభ్యంతరం లేదు. కొందరికి వేదం చదువుకున్న బ్రాహ్మణ పురోహితుడు, కొందరికి జంగమ దేవర, కొందరికి దాసరి, ఇంకొందరికి కులపెద్ద పెళ్లి చేయిస్తారు. అది ఆ కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఆచారమైతే చాలు. ఆడవాళ్లు పౌరోహిత్యం చేసినా చట్టరీత్యా అడ్డు లేదు.

మరి పురోహితులు ఎలా తయారవుతారు? తండ్రి దగ్గరో గురువు దగ్గరో నేర్చుకునేవారు కొందరు, వేద పాఠశాలల్లో చదివేవారు కొందరు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు పట్టాలు కూడా ఇస్తాయి. ఆ చదువు వారి పాండిత్యానికి గుర్తు. పెళ్లి చెల్లుబాటుకు దానితో సంబంధం లేదు.

కొన్ని గుళ్లలో పెళ్లి చేయాలంటే తల్లిదండ్రులు రావాలని, ఆధార్ కార్డులు చూపించాలని అడుగుతారు. తల్లిదండ్రులు రావాలన్నది ఆ ఆలయం పెట్టుకున్న నిబంధన. వరుడికి 21 ఏళ్లు, వధువుకు 18 ఏళ్లు నిండితే పెద్దల అనుమతి కావాలని హిందూ వివాహ చట్టం అడగదు. వయసు రుజువు అడగడం మాత్రం గుడివారి జాగ్రత్త. ఎందుకో కింద చూద్దాం.

తంతు జరగకపోతే సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదు

మనిషికి లైసెన్స్ అక్కర్లేదంటే ఏం చేసినా చెల్లుతుందని అర్థం కాదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. ఆ జంట తంతు ఏమీ జరపకుండానే ఒక సంస్థ నుంచి పెళ్లి అయినట్టు కాగితం తెచ్చుకుంది. దాని ఆధారంగా రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంది. ఆచారం ప్రకారం పెళ్లి జరగనప్పుడు ఆ సర్టిఫికెట్లకు విలువ లేదని, వారు హిందూ వివాహ చట్టం కింద భార్యాభర్తలు కారని కోర్టు ప్రకటించింది. జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ రుజువు అవుతుందే తప్ప, జరగని పెళ్లిని జరిగినట్టు చేయలేదు.

ఈ నియమం ఆడవాళ్లకు ఇంకో వైపు నుంచి కూడా తగులుతుంది. మొదటి భార్య ఉండగానే భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని కేసు పెడితే, ఆ రెండో పెళ్లి తంతు సరిగా జరిగిందని ఆమే రుజువు చేయాలి. దండలు మార్చుకున్నారు, కలిసి ఉంటున్నారు అంటే చాలదని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు పెళ్లి చేయించిన పురోహితుడే ముఖ్య సాక్షి అవుతాడు. ఎవరి పెళ్లికైనా పురోహితుడి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోవడం అందుకే మంచిది.

దండల పెళ్లి, స్టేజి పెళ్లి చెల్లుతాయా?

తెలుగునాట పురోహితుడు లేని పెళ్లిళ్లకు పాత చరిత్రే ఉంది. కవిరాజు త్రిపురనేని రామస్వామి తెలుగులోనే ‘వివాహవిధి’ రాసి, ఆ పద్ధతిలో స్వయంగా పెళ్లిళ్లు చేయించారు. కమ్యూనిస్టు, హేతువాద కుటుంబాల్లో నాయకుల సమక్షంలో దండలు మార్చుకునే పెళ్లిళ్లు ఇప్పటికీ జరుగుతున్నాయి.

పక్కనే ఉన్న తమిళనాడులో ఇలాంటి పెళ్లికి చట్టం అండ ఉంది. అక్కడి ఆత్మగౌరవ వివాహం చెల్లదని 1953లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 1967 నాటి సవరణతో హిందూ వివాహ చట్టంలో 7-ఏ సెక్షన్ చేర్చారు. బంధుమిత్రుల ఎదుట దండలు గానీ ఉంగరాలు గానీ మార్చుకున్నా, తాళి కట్టినా అక్కడ చాలు. పురోహితుడు అక్కర్లేదు. ఆ సెక్షన్ తమిళనాడు సవరణ కాబట్టి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వర్తించదు.

కాబట్టి మీది స్టేజి పెళ్లి అయితే, దాన్ని వేడుకగా జరుపుకోండి. చట్టం కోసం ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఎదుట కూడా పెళ్లి చేసుకోండి. వేదిక మీద ఉన్నది ఎంత పెద్ద నాయకుడైనా, మంత్రి అయినా, ఆయన సమక్షం వల్ల పెళ్లికి చట్టబద్ధత రాదు.

గిరిజనుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డు తెగల వారికి హిందూ వివాహ చట్టం వర్తించదని అదే చట్టం చెబుతోంది. కోయ, గోండు, చెంచు లాంటి తెగల పెళ్లిళ్లకు వారి ఆచారమే ఆధారం. వారి పెద్దలే పెళ్లి చేయిస్తారు.

వధూవరుల్లో ఒకరు హిందువు, ఒకరు కాకపోతే?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు 2008లో సుప్రీంకోర్టులో తేలింది. వధువు హిందువు, వరుడు రోమన్ క్యాథలిక్. 1996లో గుడిలో తాళి కట్టారు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు. ఆ చట్టం కింద పెళ్లి జరగాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలని, ఒకరు క్రైస్తవులు కాబట్టి ఆ పెళ్లి చెల్లదని కోర్టు చెప్పింది. ఈ చట్టం దృష్టిలో హిందువు అంటే బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా వస్తారు.

మతాంతర పెళ్లికి గుడి, పురోహితుడు, రిజిస్ట్రేషన్ మూడూ ఉన్నా సరిపోలేదు. అలాంటి జంటకు సూటి దారి ప్రత్యేక వివాహ చట్టం.

నికాహ్: ఖాజీ లేకపోతే చెల్లదా?

చెల్లుతుంది. ముస్లిం వ్యక్తిగత చట్టం ప్రకారం నికాహ్ ఒక ఒప్పందం. ఒకవైపు నుంచి ప్రతిపాదన, మరోవైపు నుంచి అంగీకారం ఒకే కూర్చోటులో జరగాలి. సున్నీ హనఫీ సంప్రదాయంలో ఇద్దరు మగ సాక్షులు, లేదా ఒక మగ, ఇద్దరు ఆడ సాక్షులు ఉండాలి. మెహర్ నిర్ణయించుకోవాలి.

1880 నాటి ఖాజీల చట్టం ప్రకారం, ఒక ప్రాంతంలోని ముస్లింలు తగినంత మంది కోరితే, అక్కడి ముస్లిం పెద్దలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం తగిన వ్యక్తిని ఖాజీగా నియమిస్తుంది. ఆయన కింద నాయబ్ ఖాజీలు ఉంటారు. విధి నిర్వహణలో తప్పు చేసినా, ఏకబిగిన ఆరు నెలలు ఆ ప్రాంతంలో లేకపోయినా ప్రభుత్వం ఖాజీని తొలగించవచ్చు. అయితే ఖాజీ లేనిదే పెళ్లి జరగకూడదని ఈ చట్టం వల్ల అనుకోకూడదని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. మతం తెలిసిన మరొకరు నికాహ్ చదివించినా అడ్డు లేదు.

అలాంటప్పుడు ప్రభుత్వం నియమించిన ఖాజీ దగ్గరికే ఎందుకు వెళ్లాలి? రుజువు కోసం. ఆయన దగ్గర రిజిస్టరు ఉంటుంది. ఏళ్ల తర్వాత నికాహ్‌నామా నకలు కావాలన్నా, మెహర్ ఎంత రాసుకున్నారన్న తగాదా వచ్చినా ఆ పుస్తకమే ఆధారం. నికాహ్‌నామాలో మెహర్ మొత్తం, అందులో అప్పుడే ఇచ్చింది ఎంత, తర్వాత ఇవ్వాల్సింది ఎంత, సాక్షుల పేర్లు స్పష్టంగా రాయించండి. ఒక ప్రతి వధువు దగ్గర ఉండాలి.

క్రైస్తవ పెళ్లి: పాస్టర్ లైసెన్స్ తప్పక చూడాలి

ఈ వ్యాసంలో జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల్లో ఇద్దరూ గానీ, ఒక్కరే గానీ క్రైస్తవులైతే, 5వ సెక్షన్ చెప్పిన వారే ఆ పెళ్లి చేయించాలి. ఆ చట్టం కింద మరోలా చేసిన పెళ్లి చెల్లదని 4వ సెక్షన్ అంటోంది.

5వ సెక్షన్‌లో ఉన్నవారు ఎవరు?

• బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు. వారు తమ సంఘం నియమాల ప్రకారం పెళ్లి చేయించాలి. రోమన్ క్యాథలిక్ ఫాదర్లు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ప్రెస్బిటర్లు ఈ కోవలోకి వస్తారు.
• చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ గురువులు.
• 6వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్స్ పొందిన మత బోధకులు.
• ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన వివాహ రిజిస్ట్రార్.
• భారతీయ క్రైస్తవుల పెళ్లిళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేందుకు 9వ సెక్షన్ కింద లైసెన్స్ పొందినవారు.

తెలుగు రాష్ట్రాల్లో పల్లెపల్లెకూ ఉన్న స్వతంత్ర సంఘాలు, పెంతెకోస్తు సంఘాల పాస్టర్లలో బిషప్ అభిషేకం లేనివారికి 6వ సెక్షన్ లైసెన్సే ఆధారం. అది లేకుండా వారు చేయించిన పెళ్లి మీద ప్రశ్న తలెత్తితే నిలబడటం కష్టం.

ఇక్కడ మూడు అపోహలు ఉన్నాయి. బైబిల్ కాలేజీలో తీసుకున్న డిగ్రీ లైసెన్స్ కాదు. సొంత సంఘం ఇచ్చిన అభిషేక పత్రం లైసెన్స్ కాదు. మందిరాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించిన కాగితం కూడా లైసెన్స్ కాదు. లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది, చర్చి పేరు మీద కాదు. ఒక పాస్టర్‌కు లైసెన్స్ ఉంటే, అదే చర్చిలో ఆయన తమ్ముడో కొడుకో ఆ లైసెన్స్ మీద పెళ్లి చేయించడం కుదరదు. ప్రభుత్వం గెజిట్ ప్రకటనతో లైసెన్స్ రద్దు చేయవచ్చు కూడా.

అధికారం లేకుండా క్రైస్తవ పెళ్లి చేయించిన వారికి 68వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. మీరు పాస్టర్ అయి, లైసెన్స్ లేకుండా సంఘస్థుల పెళ్లిళ్లు చేయిస్తున్నట్టయితే ఇది మీకు కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోండి. లైసెన్స్ వచ్చేదాకా పెళ్లిలో ప్రార్థన, వాక్యం మీరు చెప్పవచ్చు. ప్రమాణాలు చేయించి రిజిస్టర్‌లో సంతకం పెట్టే పని అధికారం ఉన్నవారికి వదిలేయాలి.

లైసెన్స్‌కు దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో, ఏ కాగితాలు జతచేయాలో జిల్లా కలెక్టరేట్‌లో గానీ జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో గానీ అడిగి తెలుసుకోండి. లైసెన్స్ ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. కాబట్టి ‘మా ఫెలోషిప్ ద్వారా మ్యారేజ్ లైసెన్స్ ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగే వారిని నమ్మవద్దు.

పెళ్లి ఇంటివారు పాస్టర్‌ను అడగడానికి మొహమాటపడతారు. ‘అయ్యగారూ, రిజిస్ట్రేషన్‌కు కావాలంటున్నారు, మీ లైసెన్స్ జిరాక్స్ ఒకటి ఇస్తారా’ అని అడిగితే సరిపోతుంది. ఉన్నవారు సంతోషంగా ఇస్తారు. లైసెన్స్ నంబరు, తేదీ, పేరు చూసుకోండి.

నోటీసు, సమయం, స్థలం లాంటి విషయాల్లో చిన్న లోపాలు జరిగితే ఆ ఒక్క కారణంతో పెళ్లి చెల్లకుండా పోదని 77వ సెక్షన్ ఊరట ఇస్తుంది. ఆ జాబితాలో చేయించేవారి అధికారం లేదు.

‘రిజిస్టర్ మ్యారేజ్’ అంటే రెండు వేర్వేరు పనులు

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగేదాన్నంతా మనం రిజిస్టర్ మ్యారేజ్ అంటాం. నిజానికి అక్కడ రెండు రకాల పనులు జరుగుతాయి.

మొదటిది, హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్. ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ పెళ్లి చేయరు. ఇప్పటికే జరిగిన పెళ్లిని పుస్తకంలో ఎక్కిస్తారు. అందుకే శుభలేఖ, పెళ్లి ఫొటో అడుగుతారు.

రెండోది, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి. ఇక్కడ పెళ్లి చేయించేదే వివాహ అధికారి. మతం, కులం ఏదైనా, ఇద్దరిదీ ఒకటే అయినా వేరైనా ఈ చట్టం వర్తిస్తుంది. వివాహ అధికారిని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ ద్వారా నియమిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో సబ్ రిజిస్ట్రార్లు ఆ బాధ్యత చూస్తారు. దానికి వేరే పరీక్షేమీ లేదు. సబ్ రిజిస్ట్రార్ గ్రేడ్-2 పోస్టు పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-2 ఉద్యోగాల్లో ఒకటి. ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఆ హోదా వల్లే అధికారం వస్తుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. వధూవరుల్లో కనీసం ఒకరు నోటీసు ఇచ్చే ముందు వరుసగా 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరానికి చట్టంలో చెప్పిన కారణమే ఉండాలి. వయసు తక్కువ, ముందే పెళ్లయి ఆ భార్య లేక భర్త బతికి ఉన్నారు లాంటివి కారణాలు. ‘మాకు ఇష్టం లేదు’, ‘కులం వేరు’ అన్నవి కారణాలు కావు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లోగా విచారించి తేల్చాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు, వివాహ అధికారి ఉండాలి. ఒకరినొకరు చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్టు ఇద్దరూ తమకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగులోనే చెప్పవచ్చు. అధికారి ఆఫీసులో గానీ, అదనపు రుసుము కట్టి దగ్గరలోని మరో చోట గానీ జరుపుకోవచ్చు. అంటే కల్యాణ మండపంలోనూ కుదురుతుంది.

మేనరికం అయితే ఒక జాగ్రత్త. ఈ చట్టం పెట్టుకున్న నిషిద్ధ బంధుత్వాల పట్టికలో మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా ఉన్నారు. ఆచారం ఉన్నచోట మినహాయింపుకు వీలుంది గానీ, నోటీసు ఇచ్చే ముందే అధికారితో మాట్లాడుకోండి.

వారసత్వం మీద కూడా ప్రభావం ఉంటుంది. ఇద్దరూ హిందువులైతే హిందూ వారసత్వ చట్టమే కొనసాగుతుంది. హిందువు మరో మతం వారిని ఈ చట్టం కింద పెళ్లాడితే, ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. అప్పుడు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది.

ఎవరికి అధికారం లేదు?

ఆ 30 రోజుల నోటీసుకు భయపడి, ఇంట్లో తెలిసిపోతుందని, ‘ఈరోజే పెళ్లి, ఈరోజే సర్టిఫికెట్’ అనే మధ్యవర్తుల దగ్గరికి వెళ్లే జంటలు ఉన్నాయి. డబ్బు పోవడం ఒక నష్టం. పెళ్లయిందన్న నమ్మకంతో కాపురం మొదలుపెట్టడం అంతకన్నా పెద్ద నష్టం. కింద చెప్పిన వారికి పెళ్లి చేయించే అధికారం లేదు.

నోటరీ: స్టాంపు పేపరు మీద ‘మేమిద్దరం భార్యాభర్తలం’ అని రాసి నోటరీ సంతకం చేయిస్తే అది పెళ్లి కాదు. నోటరీలు వివాహ అధికారులు కారని, పెళ్లి పత్రాలు, విడాకుల పత్రాలు చేయకూడదని 2024లో కేంద్ర న్యాయ శాఖ కూడా స్పష్టం చేసింది.

పోలీసులు: స్టేషన్లో పెద్దలను పిలిచి మాట్లాడవచ్చు, జంటకు రక్షణ ఇవ్వవచ్చు. స్టేషన్ ఆవరణలో దండలు మార్పించినంత మాత్రాన పెళ్లి కాదు. ఆచారం ప్రకారం తంతు జరగాలి, లేదా వివాహ అధికారి చేయించాలి.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు: ఆర్య సమాజ్ మందిరాల్లో హోమం, సప్తపదితో పెళ్లి జరిగితే ఆ పెళ్లికి చట్టం గుర్తింపు ఉంటుంది. అక్కడ ఇచ్చే కాగితం తంతు జరిగిందని చెప్పే ఆధారం మాత్రమే. దానితోపాటు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

పెళ్లి కాదని తెలిసి కూడా మోసపూరితంగా పెళ్లి తంతు జరిపితే భారతీయ న్యాయ సంహిత 83వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది.

చేయించేవారికి కూడా శిక్ష: వయసు చూడాలి

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టంలోని 10వ సెక్షన్ పురోహితుడికీ, పాస్టర్‌కూ, ఖాజీకీ ఒకేలా వర్తిస్తుంది. వధువుకు 18, వరుడికి 21 నిండకుండా పెళ్లి చేయించినవారికి, దానికి సాయపడినవారికి రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. బెయిలు దొరకడం తేలిక కాదు. అది బాల్య వివాహం కాదని నమ్మడానికి తగిన కారణం ఉందని చూపించుకోవాల్సిన భారం చేయించినవారిదే. ‘వాళ్లే పెద్దదని చెప్పారు’ అంటే సరిపోదు.

అందువల్ల పురోహితుడు పదో తరగతి మెమో అడిగితే నొచ్చుకోవద్దు. ఆయన తన బాధ్యత తాను చేస్తున్నారు. బాల్య వివాహం జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

రిజిస్ట్రేషన్ ఎందుకు తప్పనిసరి?

పెళ్లిళ్లన్నీ రిజిస్టర్ కావాలని 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అంతకన్నా ముందే, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అది ఉంది. మతం ఏదైనా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించనంత మాత్రాన హిందూ పెళ్లి చెల్లకుండా పోదు. అయితే వీసా నుంచి పెన్షన్ వరకు చాలాచోట్ల ఆ కాగితమే అడుగుతారు. పెళ్లయిన నెలలోపే ఆ పని ముగించుకోవడం తేలిక. సాక్షులు ఊళ్లోనే ఉంటారు, శుభలేఖ చేతిలో ఉంటుంది.

విదేశాల్లో పెళ్లి అయితే?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ముందు కౌంటీ ఆఫీసులో మ్యారేజ్ లైసెన్స్ తీసుకోవాలి. గుడిలో పెళ్లి చేయించిన పూజారి ఆ కాగితం మీద సంతకం చేసి తిరిగి పంపాకే పెళ్లి రికార్డుకెక్కుతుంది. పూజారికి అక్కడ అధికారం ఉండాలి. న్యూయార్క్ నగరంలో పెళ్లిళ్లు చేయించేవారు సిటీ క్లర్క్ దగ్గర నమోదై ఉండాలి. వర్జీనియాలో మత గురువులు సర్క్యూట్ కోర్టు నుంచి అనుమతి పొందాలి. ఇండియా నుంచి వచ్చిన పురోహితుడు అక్కడ పెళ్లి చేయిస్తుంటే ఈ సంగతి ముందే అడగండి. ఆ లైసెన్స్ లేకుండా కేవలం పూజగా జరిపిస్తే అక్కడి చట్టం ముందు ఇబ్బంది పడవచ్చు.

వధూవరుల్లో కనీసం ఒకరు భారత పౌరులైతే, 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద భారత రాయబార కార్యాలయంలో నియమితులైన వివాహ అధికారి ఎదుట కూడా పెళ్లి చేసుకోవచ్చు.

చేయించినవారికి అధికారం లేదని ఇప్పుడు తెలిస్తే?

కంగారు పడొద్దు. ప్రత్యేక వివాహ చట్టంలోని 15వ సెక్షన్ ఇలాంటి వారికి ఒక దారి చూపిస్తుంది. ఏ పద్ధతిలోనైనా పెళ్లి తంతు జరిగి, అప్పటి నుంచి భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవారు ఆ పెళ్లిని ఈ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండి ఉండాలి. ఇద్దరిలో ఎవరికీ మరో భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. దరఖాస్తుకు ముందు 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. ఇక్కడా 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు ఉంటారు.

పిల్లలు ఉంటే వారి పేర్లు కూడా ఆ సర్టిఫికెట్ పుస్తకంలో రాయించండి. తంతు జరిగిన తేదీ తర్వాత పుట్టిన పిల్లలను మొదటి నుంచీ చట్టబద్ధ సంతానంగానే 18వ సెక్షన్ గుర్తిస్తుంది. అయితే ఇది ఇద్దరూ బతికి ఉండగా, ఇద్దరూ కలిసి సంతకం పెట్టి చేయాల్సిన పని. ఒకరు పోయాక ఈ తలుపు మూసుకుపోతుంది.

ముహూర్తానికి ముందు ఒకసారి చూసుకోండి

• మన పెళ్లి ఏ చట్టం కింద జరుగుతోంది? ఇద్దరి మతం ఒకటేనా?
• హిందూ పెళ్లి అయితే: ఆచారం ప్రకారం తంతు పూర్తిగా జరుగుతుందా? మాంగల్యధారణ, సప్తపది ఫొటోల్లో, వీడియోలో ఉన్నాయా? పురోహితుడి వివరాలు రాసుకున్నామా?
• నికాహ్ అయితే: సాక్షులు, మెహర్, ఖాజీ రిజిస్టరు, వధువు చేతికి ఒక ప్రతి.
• క్రైస్తవ పెళ్లి అయితే: చేయించేవారు బిషప్ అభిషేకం పొందినవారా, లైసెన్స్ ఉన్నవారా? కాగితం చూశామా?
• ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే: నోటీసు ఎప్పుడు ఇవ్వాలో తేదీలు లెక్కపెట్టుకున్నామా?
• ఏ పెళ్లయినా: వయసు రుజువులు, సాక్షుల ఆధార్ నకళ్లు, నెలలోపు రిజిస్ట్రేషన్.

మీ కేసులో ఏదైనా చిక్కు ఉందనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100.